సర్టిఫికెట్ చూశారు, పాఠం చూడలేదు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఉచిత డెమో క్లాసుల బోర్డులు వరుసకట్టి కనిపిస్తాయి. గ్రూప్స్ కావచ్చు, బ్యాంకు పరీక్షలు కావచ్చు, జావా కావచ్చు. రెండు రోజులు వచ్చి కూర్చోండి, సారు చెప్పేది నచ్చితేనే ఫీజు కట్టండి అంటారు. పిల్లలు వినడానికి ముందే ఇన్‌స్టిట్యూట్ యజమాని ఆ సారు చేత ఓ అధ్యాయం చెప్పించుకుని వింటాడు. అదంతా వ్యాపారమే, కాదనం. కానీ ఒక మనిషికి పాఠం చెప్పడం వచ్చో లేదో తేలాలంటే అతను చెబుతుండగా చూడాలన్న ఇంగితం ఆ వ్యాపారంలో ఉంది. మన వైద్య విద్యను ఏలే కార్యాలయాల్లో ఆ పాటి ఇంగితం కరవైంది.

తెలంగాణ వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు 2022 డిసెంబరులో 1,147 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పీజీలో వచ్చిన మార్కులు చూశారు. ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టుపై చేసిన సేవకు వెయిటేజీ కలిపారు. అభ్యర్థిని నిలబెట్టి పావుగంట పాఠం చెప్పమనే నిబంధన మాత్రం పెట్టలేదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పెట్టించి చూస్తాం, డ్రైవింగ్ లైసెన్సుకు బండి నడిపించి చూస్తాం. రేపటి డాక్టర్లను తయారుచేసే కొలువుకు మాత్రం మార్కుల మెమో చాలనుకున్నాం.

చేరాక శిక్షణ ఇస్తాం కదా అన్నది అధికారుల సమాధానం. ఆ శిక్షణ చరిత్రా చిన్నదేమీ కాదు. పుదుచ్చేరి జిప్మర్‌లో వైద్య అధ్యాపకులకు జాతీయ శిక్షణ కేంద్రం 1970లలోనే మొదలైంది. నాటి భారత వైద్య మండలి 2009 నుంచి అధ్యాపకులకు మౌలిక శిక్షణ కోర్సును దేశమంతటా నడిపింది, 2015లో దాన్ని సవరించింది. 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మారింది. బట్టీ చదువు పోయి, విద్యార్థి ఏం చేయగలడో చూసే సామర్థ్య ఆధారిత విధానం వచ్చింది. దానికి తగ్గట్టు అధ్యాపకులను సిద్ధం చేయడానికి మరో కార్యక్రమం పెట్టారు. 2020 సెప్టెంబరులో మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2022 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే వైద్య విద్యలో మౌలిక కోర్సు, పరిశోధనలో మౌలిక కోర్సు రెండూ పూర్తిచేసి ఉండాలి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? ఈ మార్పుల మధ్యలోనే కోవిడ్ వచ్చింది. మనుషులు గుండ్రంగా కూర్చుని చేయాల్సిన పని చాలావరకు తెర మీదికెక్కింది. మహమ్మారి పోయినా ఆ తెర మాత్రం పూర్తిగా దిగలేదు.

ఉదయం ఏడింటికి ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ హైవే బస్సుల కోసం నిలబడేవాళ్లలో జిల్లా మెడికల్ కాలేజీలకు వెళ్లే అధ్యాపకులూ ఉంటారు. కాపురం ఇక్కడ, కొలువు అక్కడ. అలాంటి ఒక అధ్యాపకురాలి శిక్షణ దినం ఎలా గడుస్తుందో ఆ వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. సీటు దొరగ్గానే చెవిలో ఇయర్‌ఫోన్, ఫోనులో శిక్షణ లింకు. మైకు మ్యూట్, కెమెరా ఆఫ్. హాజరు కోసం చాట్‌లో పేరు, కాలేజీ, డిపార్ట్‌మెంట్ టైప్ చేయండి అంటారు, ఆమె చేస్తుంది. చౌటుప్పల్ దగ్గర సిగ్నల్ పోయి చిట్యాలలో మళ్లీ వచ్చేసరికి వక్త ఇరవై స్లైడ్లు దాటేసి ఉంటాడు. కాలేజీలో దిగితే ఓపీ, ఆ పక్కనే తనిఖీ కాగితాలు. ఫోను జేబులో మాట్లాడుతూనే ఉంటుంది. సాయంత్రం గూగుల్ ఫామ్‌లో పరీక్ష. వాట్సాప్ గ్రూపులో ఎవరో పుణ్యాత్ములు జవాబులు పెట్టేసి ఉంటారు. రాత్రికి ఆమె పేరుతో, రంగుల అంచుతో సర్టిఫికెట్ మెయిల్‌లో దిగుతుంది. ఇందులో ఆమె తప్పు వెతకడం అన్యాయం. పని మానుకోకుండా శిక్షణ పొందమన్నారు, ఆమె చేయగలిగింది ఆమె చేసింది.

ఆమె విద్యార్థులూ అదే బాటలో ఉన్నారు. కాలేజీ పాఠం వదిలేసి, హాస్టల్ గదిలో నీట్ పీజీ కోచింగ్ యాప్ వీడియోలను రెట్టింపు వేగంతో తిప్పుకుంటున్నారు. నేర్చుకునేవారూ నేర్పేవారూ ఎవరి తెర ముందు వాళ్లు కూర్చున్నాక, వార్డులో రోగి మంచం దగ్గర మిగిలేదెవరు?

ఆన్‌లైన్‌ను దోషిగా నిలబెట్టడం తేలిక, మేం ఆ పని చేయం. పరిశోధనలో మౌలిక కోర్సునే చూడండి. చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ దాన్ని ఎన్‌పీటెల్ వేదిక మీద ఆన్‌లైన్‌లో నడుపుతోంది. ఉపన్యాసాలు వీలున్నప్పుడు వినొచ్చు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వినొచ్చు. చివరి పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి, పర్యవేక్షకుల కళ్లెదుట రాయాలి. నమూనా పరిమాణం ఎలా లెక్కగట్టాలి, అధ్యయనాన్ని ఎలా రూపొందించాలి అన్నవి విని నేర్చుకునే విషయాలే గనుక, ఆ కోర్సుకు ఆ పద్ధతి సరిపోయింది. బోధన అలాంటిది కాదు. అది చేతి పని, నోటి పని, కంటి పని. దాన్ని విని నేర్చుకోమని, విన్నావు గనుక వచ్చేసిందని కాగితం చేతిలో పెట్టి, ఆ కాగితం మీద పదోన్నతి ఇవ్వడం మోసం. మోసపోతున్నది ఎల్బీనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా సర్కారు దవాఖానా మెట్లెక్కే రోగి.

బోధన చేసి నేర్చుకోవాల్సిన పని అన్న మాట కొత్తది కాదు. వైద్య అధ్యాపకులకూ బోధనలో శిక్షణ కావాలని 1950లలోనే అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో డాక్టర్లను, విద్యాశాస్త్రం తెలిసినవారిని ఒకచోట కూర్చోబెట్టినవాడు జార్జ్ మిల్లర్. 1990లో ఆయనే వైద్య నైపుణ్యాన్ని నాలుగు మెట్లుగా విడగొట్టి చూపాడు. విషయం తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, రోజువారీ పనిలో చేయడం. మన శిక్షణలు మొదటి మెట్టు మీద మొదలై రెండో మెట్టు దగ్గర సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నాయి. 2006లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇవాన్ స్టైనెర్ట్ బృందం అధ్యాపక శిక్షణలపై 53 అధ్యయనాలను వడపోసింది. చేస్తూ నేర్చుకోవడం, చేసినదానిపై ఎవరో ఒకరు లోటుపాట్లు చెప్పడం, తోటి అధ్యాపకులతో బంధం ఏర్పడటం శిక్షణ ఫలించడానికి తోడ్పడ్డాయని తేల్చింది. మైకు మ్యూట్‌లో పెట్టి వినే సెషన్‌లో ఈ మూడింటిలో ఏది ఉంది?

లోటు చెప్పడమంటే ఏమిటో వార్డులోకి వెళ్లి చూద్దాం. మెడిసిన్ వార్డు, మంచం చుట్టూ పన్నెండు మంది విద్యార్థులు. ప్లీహం వాచిందో లేదో చూడమన్నారు. చెయ్యి కుడివైపు పొత్తికడుపు దగ్గర మొదలుపెట్టి, రోగిని గాలి పీల్చమంటూ మెల్లగా ఎడమ డొక్క దాకా జరపాలి. విద్యార్థి తిన్నగా ఎడమ డొక్క కిందే చెయ్యి పెట్టాడు. ప్లీహం బాగా పెరిగి ఉంటే దాని అంచు ఆ చేతికి దొరకదు. ఏమీ లేదు సార్ అంటాడు. ఆ చెయ్యి ఎక్కడ పడిందో అధ్యాపకుడు చూశాడా? లేక కేసు షీటు తిరగేస్తూ ప్లీహం వాపుకు కారణాలు చెప్పమని వెనక వరసను అడుగుతున్నాడా? పరీక్షకు ముందు రోగి అనుమతి అడిగాడా, తెర లాగించాడా? అఖిల భారత కోటాలో వచ్చిన కుర్రాడికి, హయత్‌నగర్ అవ్వ ‘దమ్మొస్తాంది బిడ్డా, పెయ్యంత కాల్తాంది’ అంటే ఆయాసం, జ్వరం అని పట్టుకోవడం ఎవరు నేర్పాలి? తప్పు చేసిన విద్యార్థిని పదిమందిలో చిన్నబుచ్చకుండా, ఆ చేతిని సరైన చోట పెట్టించాడా? ఇవన్నీ బోధనలో ప్రశ్నలే. వీటికి జవాబు ఏ గూగుల్ ఫామూ ఇవ్వలేదు. ఆ మంచం పక్కన నిలబడి చూసిన మరో అధ్యాపకుడు ఇవ్వగలడు. ఆ పది నిమిషాలను రోగి సమ్మతితో ఫోనులో చిత్రించి పంపితే, దూరాన ఉన్న అనుభవజ్ఞుడూ ఇవ్వగలడు. ఆన్‌లైన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మనం వాడనిదీ ఇక్కడే.

వాడి చూపినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. వైద్య విద్యపై పనిచేసే ఫైమర్ సంస్థ ప్రాంతీయ ఫెలోషిప్‌లు 2005లో ముంబయిలో, 2006లో లూధియానాలో, 2007లో కోయంబత్తూరులో మొదలయ్యాయి. అధ్యాపకులు కొన్నాళ్లు ఒకచోట చేరి ముఖాముఖి పనిచేస్తారు. తర్వాత తమ కాలేజీకి వెళ్లి అక్కడి బోధనలో ఏదో ఒకటి మార్చే ప్రాజెక్టు చేపడతారు. ఏడాది పొడవునా ఈమెయిల్ చర్చల్లో ఒకరినొకరు నిలదీసుకుంటూ, పెద్దల సలహా తీసుకుంటూ దాన్ని ముందుకు నడుపుతారు. మెరుపుల యాప్ లేదు, మెలికల పోర్టల్ లేదు. ఉత్త ఈమెయిల్. నీ క్లాసులో ఏం మారిందో చెప్పు అని అడిగే మనిషి అవతల ఉన్నాడు గనుక ఆ దూరవిద్య నిలిచింది.

కమిషన్‌కు సాంకేతికత చేతకాక కాదు. అధ్యాపకుల హాజరుకు 2025 మే 1 నుంచి జీపీఎస్‌తో ముడిపెట్టిన ముఖ గుర్తింపు పెట్టింది. డాక్టరు గారి ముఖం ఏ ఆవరణలో ఉందో దానికి తెలుసు, ఆ ముఖం విద్యార్థులకు ఏం చెబుతోందో మాత్రం తెలియదు. అదే ఏడాది జూలైలో వచ్చిన కొత్త నిబంధనలు మరో తలుపు తెరిచాయి. 220 పడకలకు తగ్గని ప్రభుత్వాసుపత్రిలో రెండేళ్లు పనిచేసిన స్పెషలిస్టు, సీనియర్ రెసిడెన్సీ లేకుండానే అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. రెండేళ్లలోగా పరిశోధన కోర్సు పూర్తిచేస్తే సరి. పదేళ్ల అనుభవం ఉన్నవారికి అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకే దారి దొరికింది. ఏళ్ల తరబడి రోగుల మధ్య గడిపిన డాక్టర్లు తరగతికి రావడం మంచిదే. వారి చేతిలో ఉన్న వైద్యం పుస్తకాల్లో దొరకదు. కానీ చేయడం వచ్చినవారందరికీ చెప్పడం రాదు. తరగతిలో అడుగుపెట్టబోయే మనిషికి కమిషన్ గడువు పెట్టి మరీ అడిగింది పరిశోధన గురించి!

అధ్యాపకులే దొరకని చోట ఈ షరతులేమిటన్న వాదన వస్తుంది. నిజమే, రాష్ట్రం ఏర్పడేనాటికి 5 ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2024 నాటికి 34 అయ్యాయి. భవనాలు లేచినంత వేగంగా ప్రొఫెసర్లు పుట్టరు. ఉన్న ఒక్క అనాటమీ అధ్యాపకుణ్ని మూడు రోజుల శిక్షణకు హైదరాబాద్ పిలిస్తే ఆ మూడు రోజులూ డిసెక్షన్ హాలుకు తాళమే. అందుకే శిక్షణ ఆయన దగ్గరికే వెళ్లాలంటున్నాం. ఉపన్యాస భాగాన్ని ఆన్‌లైన్‌లో ఉంచండి, ఎవరికీ అభ్యంతరం లేదు. ఆయన పాఠాన్ని ఆయన కాలేజీలోనే చూడండి. కొరత ఉన్నచోట బోధన నాసిరకంగా ఉన్నా సర్దుకోవాలన్నది పేద జిల్లాల పిల్లలకు, పేద రోగులకు మాత్రమే చెప్పే నీతి. కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తట్టగలిగినవారికి ఆ సర్దుబాటు అక్కర్లేదు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో వేయి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మధ్య లేస్తున్న ఆ కట్టడం నగర తూర్పు వైపు జనానికి పెద్ద ఆశ. అలాంటి సంస్థలో అధ్యాపక శిక్షణ కేంద్రం కూడా ఉండాలని ప్రభుత్వం ఇప్పుడే నిర్ణయించాలి. విజయవాడ హైవే వెంట ఉన్న కాలేజీలకు అది ముఖద్వారం. బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకునే అధ్యాపకురాలు నెలకో పూట అక్కడ ఆగి, తన పాఠం వీడియోను నలుగురు తోటివారి ముందు పెట్టి మాట పడే ఏర్పాటు ఉండాలి. ఆ పూటను డ్యూటీగా లెక్కించాలి. సెలవు పెట్టుకుని రమ్మంటే ఎవరూ రారు, రాకపోవడమే న్యాయం.

అంతవరకూ ఆగనవసరం లేని పని ఒకటుంది. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అంతకన్నా అక్కర్లేదు. ప్రతి కాలేజీలో వైద్య విద్యా విభాగం ఉండాలని నిబంధన ఉంది. చాలాచోట్ల ఆ విభాగం తలుపు మీది బోర్డుగా మిగిలింది. దాని చేత పని చేయించాలి. మౌలిక కోర్సు సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలోగా ప్రతి అధ్యాపకుడి తరగతి ఒకటి, బెడ్‌సైడ్ క్లినిక్ ఒకటి ఇద్దరు పరిశీలకులు చూడాలి. వారిలో ఒకరు వేరే కాలేజీ వారై ఉండాలి, లేకపోతే మొహమాటం మార్కులేస్తుంది. ఏం బాగుందో, ఏం బాగాలేదో రాసి అధ్యాపకుడి చేతికివ్వాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి చూడాలి. రెండు పరిశీలన పత్రాలూ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి చేరాలి, ప్రైవేటు కాలేజీలకూ మినహాయింపు ఉండకూడదు. ఈ ఉత్తర్వును వైద్య విద్యా సంచాలకుల కార్యాలయం వచ్చే పదోన్నతుల జాబితాకు ముందే ఇవ్వాలి. ఆ జాబితా కమిటీ ముందుకు వచ్చిన రోజున, పరిశీలన పత్రాలు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే జతచేసిన ఫైలును, అది ఎవరిదైనా సరే, వెనక్కి పంపాలి.