పట్టాలకు సొంత దారి ఉండాలి

విశాఖలో ట్రామ్ నడపాలన్న మీ పత్రికలోని వ్యాసంతో నాకు పేచీ లేదు. ‘ఉన్న రోడ్డు మీదే పట్టాలు వేస్తే స్థల సేకరణ బాధ ఉండదు’ అన్న ముక్కతోనే పేచీ. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో హెచ్ స్ట్రీట్ ట్రామ్‌ను అలాగే వేశారు. 2016లో మొదలైన ఆ లైను నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. పట్టాలు పార్కింగ్ వరుసను ఆనుకుని ఉండడంతో, ఎవరైనా కారును తెల్లగీత దాటించి ఆపితే ట్రామ్ నిలిచిపోయేది. బస్సయితే పక్కనుంచి పోతుంది. ట్రామ్ పట్టాలు దాటలేదు కదా! టికెట్ లేకుండా ఎక్కించుకున్నా వేగం మాత్రం రాలేదు.

వ్యాసకర్త మెచ్చుకున్న అమెరికాలోని పోర్ట్‌లాండ్ ట్రామ్ లైను (2001లో మొదలైంది) కూడా చాలావరకు ట్రాఫిక్‌లోనే నడుస్తుంది. అక్కడ మెచ్చదగింది వేగం కాదు, దాని వెంబడి లేచిన కొత్త ఇళ్లు, ఖర్చులో కొంత మోసిన పక్క ఆస్తుల యజమానులు. ఆ సంగతి వ్యాసంలో లేదు.

ఇక మన జగదాంబ జంక్షన్‌లో ఆటోలు తెల్లగీతను ఖాతరు చేస్తాయా? (ముందు ఆ గీత కనిపించాలి.) ట్రామ్‌కు విడి దారి ఎన్ని కిలోమీటర్లు ఇస్తారో, ఏ కూడళ్లలో సిగ్నల్ ముందుగా దానికే పడుతుందో అధికారులను అడిగి ప్రచురించండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం