బిడ్డబండి కొనుటకు ముందు

గతమాసమున మేము ఈ పుటలలో వేసవి యూరగాయలను గూర్చి ముచ్చటించితిమి. ఆ సంచిక వెలువడిన పిదప తణుకునుండి యొక సోదరి జాబు వ్రాసినది. "ఆవకాయ సంగతి చెప్పితిరి, బాగున్నది. మా పాపకు ఎనిమిదవ నెల. ఎత్తుకొని తిరుగుటకు నడుము సహకరించుట లేదు. త్రోపుడుబండి యొకటి కొందమన్నచో నింటిలోనివారు నవ్వుచున్నారు. అంగడికి బోయి వెలలు విన్నచో మాకు ఏడ్పు వచ్చుచున్నది. కొలది సొమ్ములో నొక్క బిడ్డకు సరిపోవు బండిని ఎట్లు ఎన్నుకొనవలయునో తెలుపుడు" అని ఆమె కోరిక.

ఇంటివారు నవ్వినందుకు ఆ సోదరి చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. చిన్ననాడు మా తండ్రిగారు మాచేత భాగవత దశమస్కంధము చదివించునపుడు, తృణావర్తుని కథలో నొక చిన్న సంగతి మాకు బోధపడలేదు. ఒడిలోని చిన్నికృష్ణుడు కొండవలె బరువు కాగా యశోద మోయజాలక బిడ్డను నేలకు దించినది. తల్లికి బిడ్డ బరువగుట యెట్లని యప్పుడు వింతపడితిమి. ఇద్దఱు బిడ్డలను పెంచిన పిదప ఆ వింత తీరినది. ఏడాది నిండిన యాడుబిడ్డ సుమారు 9 కిలోలు తూగును; రెండేండ్లు నిండునప్పటికి పదకొండున్నర కిలోలగును. అంత బరువును ఒక చంక నెత్తుకొని, రెండవ చేత కూరల సంచి పట్టుకొని, మెట్లు దిగి వీథి దాటి పోవు తల్లికి నడుము నొచ్చినచో తప్పెవ్వరిది?

మన యిండ్లకు ఉయ్యాల తెలియును. నడక నేర్పు మూడుచక్రముల కొయ్యబండియు తెలియును. బిడ్డను కూర్చుండబెట్టి వీథిలో త్రోసికొని పోవు బండి మాత్రము క్రొత్త. ఆంగ్లదేశమున 1733లో విలియం కెంట్ అను వాస్తుశిల్పి డెవన్‌షైర్ ప్రభువు బిడ్డల కొఱకు చిన్న జంతువు లాగు బండి నొకదానిని రచించెను. అటుపిమ్మట బహుకాలము బిడ్డబండి శ్రీమంతుల సొత్తుగనే యుండెను. 1965లో ఓవెన్ మెక్లారెన్ అను విమానయంత్ర నిపుణుడు అల్యూమినియపు గొట్టములతో గొడుగువలె మడచుటకు వీలగు బండిని కల్పించెను. స్పిట్‌ఫైర్ విమానము నేల దిగునపుడు ఆనుకొను చక్రముల యమరికయందు పనిచేసిన యనుభవ మాయనకు కలదు. ఆ బండి బరువు సుమారు 3 కిలోలే. బిడ్డను ఒక చేతను, బండిని మఱియొక చేతను పట్టుకొనవచ్చు ననునదే దానిలోని గొప్ప. ఈ గొప్పను మఱచి మేము మోసపోయిన విధమును ముందు చెప్పెదము.

మా పెద్దవాడు పుట్టినప్పుడు, బడిపంతులుగారి జీతముపై నెలవారీ వాయిదాలు కట్టుకొని 11,500 రూపాయలకు బండి నొకటి కొంటిమి. అంగడిలోని నున్నని నేలపై నది హంసవలె సాగినది. పాలసీసాకు గూడు, ఆటవస్తువులకు పళ్లెము, తల్లి కాఫీగిన్నెకు వేఱొక గూడు, అన్నియు నుండెను. దాని బరువు 11 కిలోలని పెట్టెమీద వ్రాసియే యున్నది, మేము చదువలేదు. రాజమహేంద్రవరమున మేము అద్దెకున్నది మేడమీది వాటా, ఇరువదిరెండు మెట్లు. మా వారు బడికి బోయిన పిదప, బిడ్డను పైన విడిచి బండిని దింపుటకు వీలులేదు. బండిని పైన విడిచి బిడ్డను దింపినచో బండి యెందులకు? నాలుగు మారులు దిగినదో లేదో, అది వసారాలో మడతబెట్టవలసిన బట్టలకు ఆసనమైనది. వాయిదాలు మాత్రము పది నెలలు నడచినవి. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరెల్ల వెదకినదన్న సామెత యున్నది. మేము వసారాలో బండిని పెట్టుకొని బిడ్డను ఊరెల్ల మోసితిమి.

రెండవసారి పాప పుట్టినది. పెద్దవానిని బడినుండి తెచ్చుటకు దినమునకు రెండుసార్లు అరకిలోమీటరు నడువవలెను. మూడవ నెలలోనే నడుము పట్టివేయగా, వైద్యురాలు బరువు మోయవలదని గట్టిగా చెప్పినది. ఇక బండి లేనిదే బడి లేదు. ఈమారు సొమ్మునకు ముందు మా త్రోవను లెక్కపెట్టితిమి. సోదరీమణులారా, ఈ జాబునకు మేము చెప్పదగిన ముఖ్యవాక్య మిదియే: బండిని జూచి బండి కొనరాదు, మీరు దినదినము నడచు త్రోవను జూచి కొనవలయును.

అంగడికి బోవుటకు ముందు కొలత టేపుతో ఇంటి గేటును, గుమ్మమును, లిఫ్టు ఉన్నచో దాని ద్వారమును కొలిచి వ్రాసికొనుడు. మెట్లెన్నియో లెక్కపెట్టుడు. ఇద్దఱు బిడ్డలు గదా, జోడుబండి కొనుమని మాకొక బంధువు సలహా యిచ్చిరి. నాలుగేండ్లవాడు నడువగలడు, జోడుబండి మా గేటులో పట్టదు. కావున ఒంటిబండియే చాలునని నిశ్చయించితిమి. కొలత తీసికొన్నందున ఆ సొమ్ము మిగిలినది.

పిదప బిడ్డ వయస్సు. ఆరు నెలలు నిండని శిశువునకు మెడ, వెన్ను నిలువవు గనుక, వెనుకభాగము పూర్తిగా పఱుపువలె వాలు బండియే వలయును. ఆరు నెలలు దాటి తానై కూర్చుండు బిడ్డకు కొంతమేర వాలినను చాలును. ఇట్టివి వెల తక్కువ. ఏ వయస్సునందైనను బండి యుయ్యాలకు ప్రత్యామ్నాయము గాదు. త్రోవలో కునుకు పట్టినను, ఇల్లు చేరగనే బిడ్డను చదునైన పఱుపుపై వెల్లకిల పరుండబెట్టవలయును. నాలుగు నెలల లోపు పసివారు కూర్చున్న భంగిమలో నిద్రించినచో తల ముందునకు వ్రాలి ఊపిరికి అడ్డు కలుగవచ్చును గనుక, వారి విషయమున మఱింత జాగ్రత్త వలయును.

మూడవది బరువు. గొడుగువలె మడచు బండ్లు సాధారణముగా 5 మొదలు 7 కిలోలుండును. పెద్ద చక్రముల బండ్లు 10 కిలోలు దాటును. మేడమెట్లు గలవారికి, ఆటోలోను బస్సులోను పోవువారికి మొదటి తెగయే మేలు. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణ మేర్పడినది. టికెట్టు సొమ్ము మిగిలినది గాని బస్సులో చోటు పెరుగలేదు. బిడ్డను ఎత్తుకొని యుండగనే ఒక్క చేతితో మడవ వీలుకాని బండి ఆ సమ్మర్దమున శత్రువగును. అంగడిలో మీరే స్వయముగా మూడుమార్లు మడచి విప్పి చూడుడు. అంగడివాని చేతిలో సులభముగా ముడుచుకొన్నదని నమ్మవలదు. మడచునపుడును విప్పునపుడును బిడ్డను దూరముగా నుంచవలయును. కీళ్లసందున చిన్నివ్రేళ్లు నలుగును. విప్పిన తరువాత గడియ పడిన చప్పుడు వినక బిడ్డను కూర్చుండబెట్టరాదు.

నాలుగవది చక్రములు. మన వీథులలో గులకరాళ్లు, గోతులు, కాలువమీది పలకల సందులు సామాన్యము. సన్నని ప్లాస్టిక్కు చక్రములు అట్టి సందులలో చిక్కి బండి యకస్మాత్తుగా నిలిచిపోవును. ఆరేడంగుళముల వ్యాసముండి, రబ్బరో ఫోమో తొడిగిన చక్రములు మనకు తగినవి. ముందుచక్రములు తిరుగునవై, అవసరమైనప్పుడు తిరుగకుండ బిగించుటకు గడియ గలవైనచో మఱియు మంచిది. మేము అంగడికి పది కిలోల బియ్యపు సంచిని వెంట తీసికొనిపోయి, దానిని బండిలో పెట్టి, అంగడి వెలుపలి గతుకుల నేలపై ఒంటిచేత త్రోసి చూచితిమి. అంగడివాడు నవ్వెను. అతడు చూపిన అయిదు బండ్లలో మూడు ఆ బియ్యమునకే వంకర పోయినవి. అప్పుడు నవ్వుట మా వంతైనది.

తరువాత పట్టీలు. రెండు భుజములకు రెండు, నడుమునకు ఇరువైపుల రెండు, కాళ్ల నడుమ నొకటి, వెరసి అయిదు పట్టీలుండవలయును. నడుముపట్టీ యొక్కటే యున్నచో బిడ్డ క్రిందికి జాఱును, లేదా లేచి నిలువబడును. 15 కిలోల వఱకు మోయునని వ్రాసియున్న బండి మూడేండ్ల బిడ్డలలో ననేకులకు సరిపోవును. పిడి యెత్తు మీ నడుమునకు సరిపోవుచున్నదో లేదో చూడుడు. వంగి త్రోయవలసి వచ్చినచో నడుమునకై కొన్న బండియే నడుము విఱుచును.

మన యెండలకు పైకప్పు పెద్దదిగ నుండవలయును. ఎండ తగులుచున్నదని కొందఱు తల్లులు బండిపై దుప్పటి కప్పుదురు. అది కూడదు. గాలి యాడక లోపల వేడి త్వరత్వరగా పెరుగును. కప్పుచాటున నున్న బిడ్డ ముఖము మనకు కనబడదు. మిట్టమధ్యాహ్నము బయలుదేఱకుండుటయే మంచి గొడుగు. ఎండలో నిలిపిన బండిలోని లోహపు భాగములను చేతితో తాకి చూచిన పిదపనే బిడ్డను కూర్చుండబెట్టవలయును.

కట్టకడపట బ్రేకు. దీనిని గూర్చి మేము సిగ్గుపడి చెప్పవలసిన సంగతి యొకటి కలదు. ఒకనాటి సాయంకాలము వీథిమలుపున తోటకూర బేరమాడుచు బండిని ప్రక్కన నిలిపితిమి. కాలితో బ్రేకు నొక్కుట మఱచితిమి. పైగా పిడికి కూరల సంచి తగిలించితిమి. ఆ చోటు కొంచెము పల్లము. రెండు రూపాయల కొఱకు మేము వాదించుచుండగా బండి మెల్లగా కదలి రోడ్డువైపు సాగినది. నిలిచియున్న ఆటోలోనుండి డ్రైవరు దుమికి పట్టుకొని, "చూసుకోవాలి గదమ్మా" అనినాడు. పాప నవ్వుచునే యున్నది. మాకు ఆ రాత్రి నిద్ర లేదు. శకటభంజన కథలో యశోద అతిథుల మర్యాదలలో మునిగి, బండిక్రింద పరుండబెట్టిన బిడ్డ యేడ్పు వినలేదు. ఆ బిడ్డ దేవుడు గనుక బండియే విఱిగినది. మన బిడ్డలు మనుష్యులు. నాటినుండి బండి నిలిపినచో, ఒక్క నిమిషమునకైనను సరే, మొదట కాలు బ్రేకుమీదికి పోవలసినదే. సంచిని పిడికి తగిలింపరాదు. బిడ్డను ఎత్తుకొన్న వెంటనే బండి వెనుకకు దొర్లును. క్రిందనున్న బుట్టయే సామానుకు స్థానము. కొనునపుడు ఒక్క మీటతో రెండు వెనుకచక్రములును బిగియు బ్రేకు నెన్నుకొని, వాలునేలపై నిలిపి పరీక్షింపుడు.

వెల మాట. నేడు అంగళ్లలో రెండు మూడు వేలు మొదలు ముప్పది వేలు దాటువఱకు బండ్లున్నవి. పై గుణములన్నియు గల తేలికబండిని మేము 3,200 రూపాయలకు కొంటిమి. బరువు 6 కిలోలు. గిన్నెగూళ్లకును, సంగీతము వాయించు పళ్లెములకును, పేరునకును సొమ్ము వెచ్చింపవలదు. పట్టీ, చక్రము, బ్రేకు, కీలు, ఈ నాల్గింటికి వెచ్చింపుడు. ఆ సొమ్మును లేనివారు వాడిన బండిని కొనుటకు సంకోచింపవలదు. బిడ్డలు త్వరగా పెరుగుదురు గనుక మంచిబండ్లు అనేకము మూలలలో పడియున్నవి. అయితే పట్టీల కుట్లు లాగి చూడుడు. చక్రము లూగుచున్నవేమో, గడియ జాఱుచున్నదేమో చూడుడు. గుడ్డ మాసినచో ఉతుకవచ్చును. గడియ చెడినచో ఎంత చౌకయైనను వలదు. మా మొదటి బండిని క్రింది వాటాలో నుండు నొక తల్లికి 2,500కు ఇచ్చితిమి. ఆమెకు మెట్లు లేవు. ఆమె త్రోవకు అది చక్కగా సరిపోయినది.

ఇక ఇంటివారి నవ్వు. మా యత్తగారును మొదట, "బిడ్డ చంకనుండవలసినది గాని బండిలోనా? మేము నలుగురిని పెంచలేదా?" అనిరి. మేము బదులు చెప్పలేదు. ఆమెకు మోకాళ్లనొప్పులు, మనుమరాలిని ఎత్తుకొని గడప దాటి యెన్ని నెలలైనదో మే మెఱుగుదుము. ఒకనాడు మేము వంటలో నుండగా ఆమెయే వచ్చి, "ఆ బ్రేకేదో చూపించవే అమ్మాయీ" అనిరి. నేడు బండిని మేము దింపి యిత్తుము. సాయంకాలము వీథిచివరి కోవెలకు పాపను తీసికొని పోవువారు ఆమెయే. కోవెల ముందర బండి నిలిపి, బ్రేకు పడినదో లేదో రెండుమార్లు త్రొక్కి చూచి, పాపను ఒడిలోనికి తీసికొని అరుగుపై కూర్చుందురు. ఒడి ఎక్కడికిని పోలేదు. ఒడివఱకు బిడ్డను చేర్చుటకు బండి వచ్చినది.

తణుకు సోదరి పాపకు ఎనిమిదవ నెల గనుక కొంతమేర వాలు తేలికబండి చాలును. ఆమె ముందు మెట్లు లెక్కపెట్టి, గేటు కొలిచి, బియ్యపు సంచితో అంగడికి పోవుగాక. నవ్వువారిని నవ్వనిండు. పై మాసమున వర్షకాలపు తడిబట్టలను గూర్చి ముచ్చటించెదము.