చేతికి చిక్కని పిల్లి

నిరుడు వర్షాకాలంలో మందిరం పక్క కాలువలో కొట్టుకుపోతున్న పిల్లికూనను సంఘ యువకులు కాపాడి మా ఇంట్లో వదిలారు. పాలు తాగుతుంది, పెరుగన్నం తింటుంది. ఒళ్లోకి మాత్రం రాదు. చేయి చాపితే గోడెక్కేస్తుంది. 'పెంచినందుకు ఇదా విశ్వాసం?' అని విసుక్కున్నాను. (మన 66 గ్రంథాల బైబిలులో పెంపుడు పిల్లి ప్రస్తావనే లేదని మా ఆవిడతో వాదించాను కూడా!)

ఆసుపత్రి ఖర్చులకు సంఘం ఆదుకున్న ఒక సోదరుడు ఆరాధనకు రావడం మానేశాడని పెద్దల కూటంలో గట్టిగా మాట్లాడిందీ నేనే. ఆ రాత్రి లూకా సువార్త 17వ అధ్యాయం చదివాను. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగుల్లో తిరిగొచ్చింది ఒక్కడే. తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడు. వారి స్వస్థతను మాత్రం వెనక్కి తీసుకోలేదు. మనమేమో చేసిన సాయానికి హాజరుపట్టీ పెడతాం!

మర్నాడు ఆ సోదరుని ఇంటికి వెళ్లాను. మందిరం మాట ఎత్తలేదు. టీ తాగి వచ్చాను. పిల్లి గోడమీదే ఉంది.