పత్తి చేలో డార్విన్

"గులాబి పురుగు మందుకు అలవాటు పడిపోయింది, తెలివి మీరింది." ఆదోని వైపు పత్తి రైతుల ముందు మళ్లీ అదే పాట. రైతు అంటే సరిపెట్టుకోవచ్చు. మైకు పట్టుకున్న పెద్దమనిషి అంటే ఒళ్లు మండుతుంది. పురుగుకు తెలివీ లేదు, అలవాటూ లేదు. పత్తి మొక్కలోనే పెట్టిన బీటీ విషాన్ని తట్టుకునే తేడా ఏ కొన్నింటికో పుట్టుకతోనే ఉంటుంది. విషం మిగతావాటిని చంపి, చేనంతా ఆ కొన్నింటికే రాసిచ్చింది. సుమారు నెలకో తరం చొప్పున వాటి సంతానమే నిండింది. డార్విన్ 1859లో రాసిన ప్రకృతి వరణం ఇదే.

నమ్మకపోతే చేలోకి దిగండి. రెక్కలు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపువ్వును విప్పితే, లోపల పురుగు రెక్కల్ని దారంతో కుట్టుకుని కూర్చుని ఉంటుంది. కాయలోకి దూరాక బయటికి రంధ్రం కూడా కనబడదు. పగలగొడితేనే మరక పట్టిన దూది, తొలిచిన గింజ.

2002లో బీటీ పత్తి వచ్చింది, 2006లో రెండు విష జన్యువులది. 2010 నాటికే గుజరాత్‌లో మొదటి విషం పనిచేయడం లేదని ఆ విత్తనం తెచ్చిన కంపెనీయే ఒప్పుకుంది. ఆ తర్వాత రెండోదీ చతికిలపడింది. దీనికి మందు సంచిలోనే ఉండేది: 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్. చేను చుట్టూ అది వేస్తే, అక్కడ బతికిన మామూలు పురుగులు మొండివాటితో జతకట్టి, పుట్టేవి మళ్లీ విషానికి లొంగుతాయని లెక్క. శనగపచ్చ పురుగుకైతే కంది, శనగ ఉన్నాయి. గులాబి పురుగుకు పత్తి తప్ప దాదాపు వేరే గతి లేదు కాబట్టి ఆ ప్యాకెట్టే దిక్కు. అది గట్టు మీదే పడింది. రెండెకరాల వాణ్ణి పురుగు కోసం పంట వేయమంటే, ఎందుకో చెప్పకపోతే ఎలా వేస్తాడు? అమెరికాలో నాన్ బీటీ సాళ్లు వేశారు, గొడ్డు చేసిన రెక్కల పురుగులనూ వదిలారు. 2018లో తమ పత్తిలో ఈ పురుగే లేదని ప్రకటించుకున్నారు.

మనం మాత్రం 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామాన్నే ఎత్తేశాం. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని సంతకాలు పెట్టినా చెవికెక్కలేదు. ఇంటర్‌లో ఉందిగా అంటారు. ఎంపీసీ పిచ్చి పట్టిన కర్నూలు, కడపల్లో బైపీసీకి చేరేదెందరు?

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్ని తవ్వించమని మద్రాసు గవర్నరును కోరింది డార్విన్ పక్షాన కత్తి దూసిన హక్స్‌లీ. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వాడు. ఆ గుహల ఎముకలపై 2014లో వచ్చిన పరిశోధన ప్రకారం, అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 ఈ ఉపఖండంలో నేటికీ ఉన్నాయి. పోయింది ఇథియోపియా గెలాడాకు బంధువైన కోతి ఒక్కటే. రెండు లక్షల ఏళ్లలో అన్ని వాతావరణాలు మారినా నిలబడ్డ జంతువులు ఒకవైపు, పదేళ్లలో మారిపోయిన పురుగు మరోవైపు. రెండూ మన దగ్గరే. ఇంతకు మించిన పాఠ్యపుస్తకం ఏ దేశంలో ఉంది? అయినా మన బడిపిల్లల్ని బస్సెక్కించి బెలుం గుహల్లో రంగు దీపాలు చూపించి తీసుకొస్తారు.

బడి చెప్పకపోతే చెప్పేది ఎవరు? మందుల అంగడాయన. విత్తనం ఆయన దగ్గరే, అప్పూ ఆయన దగ్గరే, సలహా కూడా ఆయనదే. ఒక డబ్బాకు పురుగు చావకపోతే ఇంకాస్త ఖరీదైన డబ్బా ఉద్దెరకు ఇస్తాడు. డిసెంబరుకల్లా పంట తీసేసి కట్టె పీకేస్తే పురుగుకు నిలువ నీడ ఉండదని ఆయన చెప్పడు. చెబితే జనవరి, ఫిబ్రవరి బేరం పోతుంది. చెప్పాల్సిన వ్యవసాయ శాఖ వాళ్లకేమో ఈ-క్రాప్ నమోదుతోనే పొద్దు గూకుతోంది.