మానే గాయాన్ని మాననివ్వని లోహాలు

"శరీరం తనను తానే బాగుచేసుకుంటుంది కదా డాక్టరుగారూ" అని సిగరెట్టు మానని రోగులు నాతో అనేవారు. చాలావరకు నిజమే. ప్రతి కణంలోనూ డీఎన్‌ఏకు రోజూ వేలాది గాయాలవుతాయి. చెడిన ముక్కను కత్తిరించి, ఎదుటి పోగును చూసి సరైనదాన్ని పేర్చే ఎంజైములున్నాయి. ఈ యంత్రాంగాన్ని వివరించిన లిండాల్, మోడ్రిచ్, సాంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

విషలోహాల ముందు ఆ ధీమా చెల్లదు. పొగాకు పొగలోని కాడ్మియం, పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ గొట్టపు బావుల నీటిలోని ఆర్సెనిక్ డీఎన్‌ఏను గాయపరచడంతో ఆగవు, మరమ్మతునే అడ్డుకుంటాయి. కొన్ని మరమ్మతు ప్రోటీన్ల ఆకృతిని జింకు పట్టి నిలుపుతుంది. ఆర్సెనిక్ ఆ జింకును తొలగించి దాని చోటును ఆక్రమిస్తుంది. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దొర్లిన తప్పులను దిద్దే వ్యవస్థను కాడ్మియం కుంటుపరుస్తుంది. అప్పుడు ఎండవల్లనో, పొగలోని ఇతర రసాయనాలవల్లనో అయిన గాయాలు కూడా మానక ఉత్పరివర్తనాలుగా మిగులుతాయి, క్యాన్సరుకు దారితీస్తాయి.

అందుకే "విషహరణ" పానీయాలకు పెట్టే డబ్బు వృథా అంటాను. ఒంట్లో చేరిన కాడ్మియం మూత్రపిండాల్లో దశాబ్దాలు నిలిచిపోతుంది. నీటిని మరిగించినా ఆర్సెనిక్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అది దాటిన సంగతి రంగులోనూ రుచిలోనూ తెలియదు. ఆర్సెనిక్ ఉన్న ప్రాంతాలవారు ఆ పానీయాల డబ్బుతో బావినీటిని పరీక్ష చేయించుకోవడం మేలు.