పెరటి ఆకును తగులబెట్టవద్దు

మార్గశిరము వచ్చినది. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండలలో కాఫీ పండ్ల ఏరివేత సాగుచున్నది. ఈ రోజులలో తెల్లవారుజామున చాల ఇండ్లవద్ద పెరటిలో రాలిన ఆకునంతయు ఊడ్చి కుప్పవేసి, చలి కాచుకొనుటకు నిప్పు పెట్టుదురు. వాకిలి శుభ్రమగును; చలియు తీరును. కాని ఆ మంటలో పోవుచున్నది చెత్త కాదు, రాబోవు పంట ఎరువు అని రైతు సోదరీసోదరులు గుర్తింపవలెను.

ఆకు కాలినపుడు అందలి నత్రజని పొగతో గాలిలో కలిసిపోవును. మిగిలిన బూడిద తొలివానకే వాలు వెంబడి గెడ్డలోనికి కొట్టుకొనిపోవును. మన కొండవాలు ఎర్రనేలలకు ఆకుకుళ్ళే బలము. దానిని కాల్చి, తరువాత ఎరువు బస్తా కొనుట ఏమి లాభము?

మన్యపు చలికాలము కూరగాయలకు పెట్టినది పేరు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, సైనికులకు కూరగాయలు పండించుటకే అరకులో పద్మాపురం తోటను నెలకొల్పిరి. అట్టి చోట పెరడు బీడుపెట్టి, సంతలో మైదానపు కూరగాయలు కొనుట మనకు తగునా? క్యాబేజీ, బఠాణి, ముల్లంగి, పాలకూర, మెంతికూర, కొత్తిమీర ఈ చలికి చక్కగా వచ్చును. కొరత నీటిది. వానలు వెనుకబట్టిన పిదప వేసవి జల్లుల వరకు నేల ఆరుచుండును. ఆ తడిని నిలుపునది పైన పరచిన ఆకే.

కావున ఈ రెండు నెలలలో చేయవలసిన పనులు ఇవి:

కూరమడులలోను, అరటి, బొప్పాయి, నిమ్మ పాదులలోను నాలుగు అంగుళముల మందమున ఎండుటాకు పరచుడు. ఆకు మొక్క మొదలును తాకరాదు. నాలుగు అంగుళములు ఎడముంచినచో మొదలు కుళ్ళదు. ఆకును మట్టిలో కలిపి దున్నవద్దు. పచ్చిగా కలిపినచో అది కుళ్ళుటకు నేలలోని నత్రజనినే వాడుకొని, మొక్కలు పాలిపోవును.

మిగిలిన ఆకును గోతిలో అరడుగు వరుసలుగా వేసి, వరుస వరుసకు పేడనీళ్ళు, కొంచెము మట్టి చల్లుడు. నెలకొకసారి తిరుగవేసినచో పసుపు, అల్లము నాటు వేళకు ఎరువు సిద్ధమగును. సిల్వర్ ఓక్ ఆకు ఆలస్యముగా కుళ్ళును గనుక దానిని పచ్చి ఆకుతో కలిపి వేయుడు.

పుష్యములో చలి 10 డిగ్రీలకు దిగువకు పోవు రాత్రులలో లేతనారుపై గడ్డితడక కప్పి, ఉదయము ఎండ రాగానే తీయుడు. నీరు ఆకులపై గాక మొదట పోయుడు.

పనసకు మొదలుమీదనే పూత వచ్చు కాలమిది. చెట్టుక్రింద మంట పెట్టినచో బెరడుతోపాటు కాపుకూడ చెడును.

ముదిరిన చిక్కుడు, గుమ్మడి, ఆనప విత్తులను నీడను ఆరబెట్టి, బూడిద కలిపి ఆనపబుర్రలో దాచుడు.

“ఆకు ఉంచినచో పాములు, తేళ్ళు చేరవా?” అని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నే. గోడ చుట్టును నాలుగు అడుగులు నేల శుభ్రముగా ఉంచి, ఎరువుగోతిని ఇంటికి దూరముగా తీయుడు. మన్యమున మలేరియా భయము కలదు గనుక గోతిలో నీరు నిలువనీయరాదు. వంటింటి నీటిని చిన్నకాలువ తీసి అరటికి, చేమకు పారించవలెను. తెగులు సోకిన టమాట, బంగాళాదుంప మొక్కలను మాత్రము గోతిలో వేయక, విడిగా కాల్చివేయవలెను. చలి కాచుకొనుటకా, కందికట్టె చాలును.

గ్రామోద్యోగులకు ఒక మనవి. పరిశుభ్రత పేరిట “చెత్త కాల్చివేయుడు” అని చెప్పకుడు. ఊడ్చిన పెరడు మెచ్చుకొనుటకు ముందు, ఆ ఊడ్చిన ఆకు ఎక్కడికి పోయినదో అడుగుడు. ఊరిలో ఒక ఇంట గోతిని దగ్గరనుండి తీయించి, ఎరువు తయారైననాడు పదిమందికి చూపుడు. వంద మాటలకంటె ఆ గంపెడు నల్లని ఎరువే బాగుగా బోధించును.

రేపు ఉదయము చీపురు పట్టినపుడు అగ్గిపెట్టె తీయకుడు; గంప తీయుడు.