తాహతుకు తగ్గ తెర

దసరా ముందు కోల్‌కతా చాందినీ చౌక్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. మెట్రో స్టేషన్ మెట్లెక్కి గణేశ్ చంద్ర ఎవెన్యూ వైపు నడిస్తే మదర్‌బోర్డుల నుంచి మానిటర్ల దాకా కంప్యూటర్ సరంజామా అమ్మే దుకాణాలే. ఎండీ కంప్యూటర్స్, వేదాంత్ కంప్యూటర్స్ వంటి ఇక్కడి పేర్లు హైదరాబాద్ కుర్రకారుకూ తెలుసు. సికింద్రాబాద్ సీటీసీలో ధర అడిగి, సెల్‌ఫోన్‌లో కోల్‌కతా ధరతో పోల్చి చూసుకునే రోజులివి. అయితే ధరలు చూసుకున్నంత సులువు కాదు, చవక గేమింగ్ మానిటరా, ఖరీదైనదా అన్నది తేల్చుకోవడం.

హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం ఒకటుందనుకుందాం. కొడుకు ఇంజినీరింగ్, సాయంత్రాలు వాలరెంట్ ఆట. తండ్రికి పండగ బోనస్ 78 రోజుల వేతనం. వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ నెలకు రూ.7,000 పరిమితి మీద లెక్కగట్టడంతో 2025లోనూ గరిష్ఠంగా అందింది రూ.17,951. చాందినీలో 24 అంగుళాల, 144 హెర్ట్జ్ మానిటర్ పదివేల రూపాయలకు అటూ ఇటూ దొరుకుతుంది. 27 అంగుళాల ఓఎల్ఈడీ కావాలంటే అరలక్ష పెట్టాల్సిందే. మొదటిది కొంటే ఇంట్లో కొత్త బట్టలకూ మిగులుతుంది. రెండోదానికి మూడు దసరాల బోనస్ కావాలి.

అంత తేడాకు తగ్గ ఫలితం ఉంటుందా? మామూలు ఆఫీసు మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు తెరపై నిలుస్తుంది. 144 హెర్ట్జ్‌లో 6.9 మిల్లీసెకన్లు, 240లో 4.2. మొదటి మెట్టులో కలిసొచ్చేది దాదాపు 10 మిల్లీసెకన్లు. రెండో మెట్టులో మూడు కూడా లేదు. మొదటి మెట్టు తేడా మౌస్ కదిపిన మరుక్షణమే ఎవరి కంటికైనా ఆనుతుంది. రెండోది ఎదుటివాడి తల కనిపించిన క్షణంలోనే గురి చూసి కొట్టే పోటీ ఆటగాళ్ల బాధ. నిజానికి పాత గాజు గొట్టం మానిటర్లే 85 హెర్ట్జ్ చూపేవి. పల్చటి ఎల్‌సీడీలు వచ్చాకే అందరూ 60కి దిగారు. 2000 దశకంలో ఆటగాళ్లు బల్ల విరిగేంత బరువున్న ఆ డబ్బాలను పట్టుకుని వేలాడింది ఊరికే కాదు.

ఒకప్పుడు ఖరీదైన మానిటర్‌కు గట్టి సాకు ఒకటుండేది. కార్డు పంపే బొమ్మల వేగం, తెర వేగం కలవకపోతే బొమ్మ అడ్డంగా చీలినట్లు కనిపిస్తుంది. దానికి విరుగుడుగా ఎన్విడియా 2013లో జీ-సింక్ తెచ్చింది. మానిటర్ లోపల ప్రత్యేక పరికరం, దానికి అదనపు ధర. పోటీగా ఏఎండీ తెచ్చిన ఫ్రీసింక్‌కు ఆ పరికరంతో పనిలేదు. చివరకు 2019 జనవరిలో ఎన్విడియా కూడా తన కార్డులతో అటువంటి మానిటర్లు పనిచేసేందుకు తలుపు తెరిచింది. వేలకు వేలు పోసి కొన్న సదుపాయం చవక మానిటర్లకూ వచ్చేసింది.

అలాగని ఖరీదైనది ఒట్టి ఆర్భాటం కాదు. ఓఎల్ఈడీలో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది, ఆరిపోతుంది. నలుపు నిజంగా నలుపే. చీకటి గదిలో కథ నడిచే ఆట ఆడేవారికి ఐపీఎస్ తెర (పోలీసులకు సంబంధం లేదు) బూడిద పూసినట్లు ఉంటుంది. పైగా కార్డు నాలుగేళ్లకు మారినా మానిటర్ బల్ల మీదే ఉంటుంది. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. చిక్కల్లా కార్డుతోనే. 1080 తెరపై చుక్కలు 20.7 లక్షలు, 1440 తెరపై 36.9 లక్షలు. అంత పనిని మోయగల కార్డు లేకుండా తెర కొనడమంటే ఆటో ఇంజిన్ మీద లారీ బాడీ బిగించడమే. ఒకే చోట కదలని గీతలు, స్కోరు పట్టీలు ఓఎల్ఈడీపై మచ్చలుగా మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. వారంటీ దానికి వర్తిస్తుందో లేదో కాగితం మీద చదివాకే డబ్బివ్వాలి.

ఖరగ్‌పూర్ కుర్రాడికి పదివేలదే సరైనది. మిగిలింది కార్డు కోసం దాచుకోవచ్చు. కాకపోతే చవక బేరంలోనూ మోసాలున్నాయి. డబ్బాపై ‘1 ఎంఎస్’ అని అచ్చేసిన ప్రతి మానిటరూ ఒకే రకంగా కొలిచింది కాదు. వీఏ తెరలు కొన్నిటిలో చీకటి దృశ్యాలు మసి పూసినట్లు జారతాయి. హెచ్‌డీఆర్ అన్న స్టిక్కర్ చాలాసార్లు ఆ సంకేతాన్ని అందుకోగలదన్న మాటే తప్ప ఆ వెలుగు చూపగలదని కాదు. 27 అంగుళాల 1080 తెరను దుకాణంవాడు ఎంత ఊరించినా తీసుకోకపోవడమే మేలు. అంగుళానికి 82 చుక్కలే కాబట్టి అక్షరాలు గరుకుగా ఉంటాయి. 24 అంగుళాల్లో 92. పన్నుకు భయపడి 34 అంగుళాల వెడల్పు తెరను వద్దనుకున్నవారికి మాత్రం కొంత ఊరట. 32 అంగుళాలు దాటిన మానిటర్లపై 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగింది.

డబ్బు చెల్లించే ముందు పెట్టె విప్పించి, తెరను నల్లగా, తెల్లగా మార్చి చచ్చిన చుక్కలు వెతకాలి. ఒకటీ అరా ఉంటే మార్చిచ్చే కంపెనీలు అరుదు. ఆ తర్వాత సాబిర్ హోటల్‌లో మటన్ రెజాలా తినడానికి అరగంట కేటాయించినా, ఎస్ప్లనేడ్‌లో హుగ్లీ నది కింద నడిచే మెట్రో ఎక్కి హౌరాలో సాయంత్రం లోకల్ అందుకోవచ్చు. ఇంటికెళ్లాక డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ బిగించి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు చూసుకోవాలి. అది తరచూ 60 దగ్గరే ఉంటుంది. మార్చే వరకు కొత్త మానిటర్ పాతదానిలాగే పనిచేస్తుంది.